పదకొండో నంబరు సూచిక



బంగాళాఖాతంలో వాయుగుండం బలపడినప్పుడల్లా వార్తల్లో ఒక మాట వినిపిస్తుంది: ఓడరేవుల్లో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు అని. కృష్ణపట్నం చుట్టుపక్కల, మైపాడు నుంచి తూపిలిపాళెం దాకా వేట మీద బతికే కుటుంబాలకు ఈ అంకెలు కొత్తవి కావు. ఒకటి, రెండు నంబర్లు దూరాన సముద్రంలో ఏదో పుడుతోందని చెబుతాయి. మూడు, నాలుగు అయితే రేవుకే గాలివాన ముప్పు ఉందని. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. దేశంలోని రేవులన్నిటికీ ఒకే తరహా సూచికలు అమల్లోకి వచ్చింది 1898లో. కొద్దిపాటి మార్పులతో ఈనాటికీ అవే నడుస్తున్నాయి. పట్టికలో ఆఖరిది పదకొండు. వరసగా పెరుగుతూ వచ్చిన అంకెలు కాబట్టి, పదకొండంటే పదిని మించిన ప్రళయం కాబోలనిపిస్తుంది. దాని అర్థం వేరు. వాతావరణ కార్యాలయంతో సంబంధాలు తెగిపోయాయి, కానీ వాతావరణం చెడేలా ఉందని స్థానిక అధికారి భావిస్తున్నాడు. పదకొండో నంబరు చెప్పేది ఇంతే.

టెలిగ్రాఫు తీగల కాలం నాటి మనుషులు చేసిన ఈ ఏర్పాటును కాస్త నిలబడి చూడాలి. తుఫాను దగ్గరపడేకొద్దీ ముందు తెగేవి ఆ తీగలే. వార్త ఎప్పుడు అత్యవసరమో సరిగ్గా అప్పుడే వార్త రాదు. అలాంటప్పుడు స్తంభం మీద ఏముండాలి? నిన్నటి నంబరే ఉంచితే అది పాతబడిన మాట. ఏమీ లేకుండా వదిలేస్తే, సముద్రం మీద నుంచి చూసేవాడికి ప్రమాదం లేదనే అర్థం. అందుకని 'మాకు తెలియడం లేదు' అనేదానికే విడిగా ఒక సూచిక పెట్టారు. పది నంబర్లు తుఫాను గురించి చెబితే, ఒక్క నంబరు చెప్పేవాడి పరిస్థితి గురించి చెబుతుంది. కృత్రిమ మేధ ఏజెంట్ల కోసం ఇప్పుడు టూళ్లు రాస్తున్న వాళ్లు, ఆ టూళ్లకు వివరణ రాస్తున్న వాళ్లు ఎక్కువగా మరిచిపోతున్నది ఈ పదకొండో నంబరునే అని నా వాదన. ఉదాహరణకు ఒక చిన్న టూల్ తీసుకుంటాను. డొమైన్ పేరు ఇస్తే దానికున్న రికార్డుల జాబితా చూపే టూల్ అది.

ముందు డొమైన్ సంగతి క్లుప్తంగా. ఇంటర్నెట్‌లో కంప్యూటర్లకు ఉండేవి అంకెల చిరునామాలు, మనం వాడేవి పేర్లు. ఒకప్పుడు ఈ పేర్లన్నీ కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఫైలులో ఉండేవి. ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని నిర్వహించేది. యంత్రాలు పెరిగేసరికి ఆ ఫైలు చాల్లేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ డొమైన్ నేమ్ సిస్టం అనే పద్ధతి రూపొందించాడు. 1987 నవంబర్‌లో వెలువడిన దాని ప్రమాణాలే ఇప్పటికీ పునాది. ఒక్కో పేరు కింద రకరకాల రికార్డులుంటాయి. వెబ్‌సైటు ఏ యంత్రంలో ఉందో చెప్పేది ఒకటి, ఈమెయిల్ ఎక్కడికి పంపాలో చెప్పేది ఇంకొకటి, ఏది కావాలంటే అది రాసుకునే టెక్స్ట్ రికార్డు మరొకటి.

ఇక ఏజెంట్ అంటే, మనం చెప్పిన పనికి ఏ టూల్ కావాలో తానే ఎంచుకుని, దాన్ని పిలిచి, వచ్చిన జవాబు మీద తర్వాతి అడుగు వేసే ప్రోగ్రాం. దాని వెనక భాషా నమూనా ఉంటుంది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వంటి పద్ధతుల్లో ప్రతి టూల్‌కూ ఒక పేరు, మామూలు భాషలో ఒక వివరణ, ఏమేం ఇవ్వాలో చెప్పే ఒక పట్టిక ఉంటాయి. ఏజెంట్ సాధారణంగా చూసేది అంతవరకే. లోపల కోడ్ ఎలా రాశారో దానికి కనిపించదు. కాబట్టి ఈ వివరణ, పాత రోజుల్లో యంత్రంతో పాటు వచ్చి అలమరలో పడి ఉండే చిన్న పుస్తకం లాంటిది కాదు. పనిలోకి దిగిన ప్రతిసారీ ఏజెంట్ దాన్ని చదివే అడుగు వేస్తుంది. అందులో లేని మాటను ఊహతో పూరిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. రికార్డులు చూపమని అడిగితే టూల్ ఖాళీ జాబితా తిరిగిచ్చిందనుకోండి. దానికి ఎన్ని అర్థాలుండొచ్చు? అసలు ఆ పేరే లేకపోవచ్చు. పేరు ఉండి, మనం అడిగిన రకం రికార్డు లేకపోవచ్చు. జవాబు చెప్పాల్సిన సర్వర్ చతికిలబడి ఉండొచ్చు. సర్వర్ బాగానే ఉండి, నీకు చెప్పను పొమ్మని ఉండొచ్చు. లేదా అడిగిన మాట దారిలోనే పోయి, గడువు దాటి ఉండొచ్చు. 1987 నాటి ప్రమాణంలో వీటికి తేడా ఉంది. పేరు లేకపోతే జవాబు కోడ్ మూడు, సర్వర్ విఫలమైతే రెండు, నిరాకరిస్తే అయిదు. పేరు ఉండి ఆ రకం రికార్డు లేకపోతే కోడ్ సున్నాయే, కానీ జవాబు భాగం ఖాళీ. ఇంత జాగ్రత్తగా వేరు చేసి పెట్టిన సంగతులను హడావిడిగా రాసిన టూల్ ఒక్కటిగా కలిపేసి, రెండు బ్రాకెట్ల మధ్య ఏమీ లేకుండా ఏజెంట్ చేతిలో పెడుతుంది. అనుభవమున్న ఇంజినీరు అయితే అనుమానపడి ఇంకోసారి అడుగుతాడు. ఏజెంట్ మాత్రం చక్కటి వాక్యంలో 'ఈ డొమైన్‌కు రికార్డులేమీ లేవు' అని రాసి ముందుకు వెళ్లే అవకాశమే ఎక్కువ.

ఇది ఊహాగానం కాదనడానికి ఒక సాక్ష్యం. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతటా ఆగిపోయాయి. ఆ సంస్థ నెట్‌వర్కులో జరిగిన పొరపాటు వల్ల దాని పేర్లకు జవాబు చెప్పే నేమ్ సర్వర్లకు బయటి నుంచి దారే లేకుండా పోయింది. డొమైన్ అలాగే ఉంది, రిజిస్ట్రేషన్ అలాగే ఉంది, అడిగితే పలికేవాడు లేడు. ఆ కొద్ది గంటల్లోనే, గడువు తీరిన డొమైన్ల కోసం గాలించే యంత్రాలు కొన్ని చోట్ల ఫేస్‌బుక్ డాట్ కామ్‌ను అమ్మకానికి ఉన్న పేర్లలో చేర్చేశాయి. జవాబు రాకపోవడాన్ని ఆసామి లేకపోవడంగా చదివితే జరిగేది ఇదే. వాటిలో కృత్రిమ మేధ ఏమీ లేదు, సాదా ప్రోగ్రాములు. వాటి తప్పు ఒక తమాషా వార్తగా ముగిసింది. అదే తప్పు చేసి, ఆ మీదట చర్యలు కూడా తీసుకోగల ఏజెంట్లు ఇప్పుడొస్తున్నాయి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్‌లోని ఉత్తర వర్జీనియా కేంద్రం దెబ్బతిని, దాని మీద ఆధారపడిన ఎన్నో సేవలు నిలిచిపోయాయి. డైనమోడీబీ అనే డేటాబేస్ సేవకు డొమైన్ రికార్డులు మార్చే పని అక్కడ ఆటోమేటిక్ ప్రోగ్రాములు చేస్తుంటాయి. వాటిలో ఒకటి ఆలస్యంగా నడిచి, పాత ప్రణాళికను కొత్తదాని మీద రాసేసింది. ఇంకొకటి పాతవన్నీ ఊడ్చేస్తూ, వాడుకలో ఉన్న దాన్నే తుడిచేసింది. ఆ పేరు కింద చిరునామాలన్నీ మాయమయ్యాయి. అప్పుడు అడిగితే వచ్చే ఖాళీ జవాబు నిజంగా ఖాళీయే. అంటే ఒక ఖాళీ 'తెలియలేదు' అని చెబుతుంది, ఇంకొక ఖాళీ 'నిజంగానే లేదు, కొంప మునిగింది' అని చెబుతుంది. మొదటిదానికి కాసేపు ఆగి మళ్లీ అడగాలి. రెండోదానికి వెంటనే మనిషిని లేపాలి. రెంటినీ ఒకే గుర్తుతో చూపే టూల్ ఉండి ప్రయోజనమేమిటి?

ఇంకా లోతైన ఇబ్బంది ఆ టూల్ పేరులోనే ఉంది: 'రికార్డుల జాబితా'. జాబితా అనగానే ఉన్నవన్నీ వస్తాయనుకుంటాం. బయటి నుంచి అడిగేవాడికి ఒక డొమైన్ తన రికార్డులన్నీ చూపదు. మొత్తం ఒకేసారి ఇమ్మని అడిగే పద్ధతి ఉంది గానీ, అది సాధారణంగా ఆ డొమైన్ సొంత సర్వర్లకే పరిమితం. 'ఏవైనా సరే చూపు' అనే మరో ప్రశ్న ఉండేది. దానికి పూర్తి జవాబు ఇవ్వనక్కర్లేదని 2019లో ప్రమాణమే తేల్చేసింది. కాబట్టి ఇలాంటి టూల్ లోపల చేసేది, తనకు తెలిసిన అయిదారు రకాలను ఒక్కొక్కటిగా అడిగి వచ్చినవి పేర్చడం. డొమైన్ యజమాని ఖాతాలోకే వెళ్లి చదివే టూల్ అయితే సంగతి వేరు. అప్పుడు నిజంగానే అన్నీ దొరుకుతాయి, అయితే వందేసి చొప్పునో ఎంత చొప్పునో పేజీలుగా వస్తాయి, మొదటి పేజీనే మొత్తమనుకునే ప్రమాదం ఉంటుంది. ఈ రెండు రకాల టూళ్లకూ పేరు ఒకటే ఉండొచ్చు. ఏది ఏ రకమో చెప్పాల్సింది వివరణే.

దీన్ని మన జిల్లాకు తెచ్చి చూద్దాం. నెల్లూరు తీరమంతా రొయ్యల చెరువులే కదా. ఇక్కడి ఎగుమతి సంస్థ ఒకటి అమెరికాలోని కొనుగోలుదారుతో ఈమెయిల్ మీద లక్షల డాలర్ల లావాదేవీ నడుపుతోందనుకోండి. ఎవడో మోసగాడు ఆ సంస్థ పేరుతోనే మెయిల్ పంపి, డబ్బు ఈ కొత్త బ్యాంకు ఖాతాకు వేయండి అంటాడు. ఈ తరహా మోసాన్ని అడ్డుకోవడానికి డొమైన్‌లో మూడు రకాల ఏర్పాట్లుంటాయి: ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. యజమాని తన ఏజెంట్‌ను 'మన మెయిల్‌కు రక్షణ ఉందా?' అని అడిగాడు. ఏజెంట్ డొమైన్ పేరు ఇచ్చి టెక్స్ట్ రికార్డులు తెప్పించింది. ఎస్‌పీఎఫ్ కనిపించింది. డీమార్క్ కనిపించలేదు, ఎందుకంటే అది ఆ పేరు కింద ఉండదు. ముందు అండర్‌స్కోర్, తర్వాత డీమార్క్ అని ఉన్న ఉపపేరు కింద ఉంటుంది. ఇక డీకిమ్ ఇంకా లోపల, సంస్థ తనకు నచ్చినట్టు పెట్టుకున్న ఒక గుర్తుపేరు కింద ఉంటుంది. ఆ గుర్తుపేరు తెలియకుండా బయటి నుంచి 'డీకిమ్ లేదు' అని గట్టిగా చెప్పడం కుదిరే పని కాదు. అయినా ఏజెంట్ 'రెండూ లేవు, కొత్తగా పెట్టమంటారా?' అంటుంది. సరేనంటే, అప్పటికే ఒకటి ఉన్న ఆ ఉపపేరు కింద రెండో డీమార్క్ రికార్డు చేరుస్తుంది. ఒకే చోట రెండు డీమార్క్ రికార్డులుంటే మెయిల్ అందుకునే సర్వర్లు రెంటినీ పక్కన పెడతాయి. ఉన్న రక్షణ కాస్తా పోయింది.

మరి వివరణలో ఏం రాయాలి? నేనైతే ఇలా రాయమంటాను. 'ఈ టూల్ ఒక పేరు తీసుకుని, అడిగిన రకాల రికార్డులను మాత్రమే బయటి నుంచి అడుగుతుంది. ఆ పేరు కింద ఉన్న ఉపపేర్లను వెతకదు. కాబట్టి డీమార్క్ కావాలంటే ఆ ఉపపేరునే ఇవ్వాలి. ప్రతి రకానికీ ఫలితంతో పాటు స్థితి వస్తుంది: దొరికింది, పేరు లేదు, ఈ రకం లేదు, తెలియలేదు. తెలియలేదు అని వస్తే, లేదు అని చెప్పకూడదు.' అంతే. ఈమెయిల్ రికార్డు అంటే ఏమిటి, టెక్స్ట్ రికార్డు అంటే ఏమిటి అని పాఠం చెప్పనక్కర్లేదు, అవి నమూనా ఎప్పుడో చదివేసింది. దానికి తెలియనిది ఈ ఒక్క టూల్ అలవాట్లు.

దీనిమీద అభ్యంతరాలున్నాయి. ఇంత తెలివైన నమూనాలకు ఈ నాలుగు మాటలు కూడా ఎందుకు, అవే ఊహించుకుంటాయిగా అంటారు కొందరు. ప్రమాణాలన్నీ చదివిన నమూనాకు ఖాళీ జవాబుకు ఎన్ని అర్థాలుండొచ్చో తెలుసు, నిజమే. ఆ అయిదింటిలో ఈ టూల్ వేటిని కలిపేసిందో ఏ ప్రమాణంలోనూ రాసి ఉండదు. తెలివి ఎంత ఉన్నా, దాచిన సంగతిని తెలివితో పట్టుకోలేం.

రెండో అభ్యంతరం ఖర్చు గురించి, ఇది బరువైనదే. టూల్ వివరణలన్నీ ప్రతిసారీ నమూనా చదవాలి, చదివిన ప్రతి ముక్కకూ డబ్బు. యాభై టూళ్లున్న ఏజెంట్‌కు ఒక్కోదానికి పేజీడు వివరణ పెడితే అసలు పనికి చోటే మిగలదు. అందుకే నేను చెప్పిన వివరణను అయిదు వాక్యాలకు కుదించాను. కోయాల్సి వస్తే, టూల్ ఏం చేస్తుందో చెప్పే పొగడ్తలు కోయాలి. 'శక్తిమంతమైన, సమగ్రమైన, వేగవంతమైన' లాంటి విశేషణాలు టూల్ వివరణల్లో కుప్పలుగా కనిపిస్తాయి. ఏజెంట్ ముందు అమ్మకం మాటలెందుకో నాకు అర్థం కాదు.

మూడోది ప్రోగ్రామర్ల అభ్యంతరం: వివరణ రాయడం దేనికి, కోడ్‌లోనే లోపం స్పష్టంగా చెప్పిస్తే సరిపోతుందిగా? దీనితో నాకు సగం ఏకీభావమే ఉంది. స్థితి అనే గడి ముందు కోడ్‌లో ఉండాలి, లేనిదాన్ని వివరణ పుట్టించలేదు. అయితే వివరణ రాయడానికి కూర్చుని, 'ఖాళీ అంటే...' అని వాక్యం మొదలుపెట్టిన రోజునే చాలామందికి తమ కోడ్‌లో ఆ తేడా లేదని తెలుస్తుంది. కోడ్ రాసేశాక చివర్లో అతికించే కాగితంగా కాకుండా, ముందే వివరణ రాసుకుంటే ఆ తప్పు అక్కడే దొరుకుతుంది.

ఓడరేవు పట్టికలో ఇంకొక విశేషం ఉంది. అయిదో నంబరుకూ ఆరో నంబరుకూ తేడా తుఫాను తీవ్రతలో లేదు, రేవు ఎటు పక్కన ఉందన్న దాంట్లో ఉంది. తుఫాను దారికి రేవు ఎడమ పక్క పడితే అయిదు, కుడి పక్క పడితే ఆరు. పడమరకు కదులుతున్న తుఫాను ఒంగోలు దగ్గర తీరం దాటేలా ఉంటే, దక్షిణాన ఉన్న కృష్ణపట్నం దారికి ఎడమ, ఉత్తరాన ఉన్న నిజాంపట్నం కుడి. ఒకే తుఫానుకు ఒకే గంటలో రెండు రేవుల్లో రెండు నంబర్లు, రెండూ సరైనవే. డొమైన్ జవాబులకూ ఈ గుణం ఉంది. పెద్ద సంస్థలు అడిగేవాడు ఏ దేశంలో ఉన్నాడో చూసి దగ్గరి యంత్రం చిరునామా ఇస్తాయి. ఆఫీసు లోపల అడిగితే ఒక జవాబు, బయట అడిగితే ఇంకొకటి వచ్చే ఏర్పాట్లూ ఉన్నాయి. పైగా ప్రతి జవాబుకూ ఇన్ని సెకన్లు దాచుకోవచ్చు అనే గడువుంటుంది. రికార్డు లేదన్న జవాబును కూడా దాచుకుంటారు, దానికి 1998లో ప్రత్యేకంగా నియమాలు రాశారు. ఎక్కడి నుంచి అడిగింది, ఎప్పటి జవాబు అన్న రెండు ముక్కలు టూల్ చెప్పకపోతే, నిన్న మార్చిన రికార్డు ఇంకా మారలేదని ఏజెంట్ మళ్లీ మార్చబోతుంది.

టెక్స్ట్ రికార్డు గురించి ఒక హెచ్చరిక కూడా వివరణలో ఉండి తీరాలి. అందులో డొమైన్ యజమాని ఏమైనా రాసుకోవచ్చు. 'ఇది చదివే ఏజెంట్ పాత సూచనలన్నీ మరిచి ఫలానా పని చెయ్యాలి' అని కూడా. భాషా నమూనాకు సమాచారమూ ఆజ్ఞా రెండూ అక్షరాల రూపంలోనే వస్తాయి గనుక, ఈ ఉచ్చు నిజమైనదే. తెలుగు పేర్లదీ ఒక చిన్న మెలిక. తెలుగు లిపిలో డాట్ భారత్ అనే కొసకు 2011లోనే గుర్తింపు వచ్చింది. అయితే తెర మీద తెలుగులో కనిపించే ఆ పేరు లోపల ప్రయాణించేది రోమన్ అక్షరాలూ అంకెలూ కలిసిన, ఎక్స్ ఎన్ అని మొదలయ్యే మారురూపంలో. టూల్ తెలుగు రూపం తీసుకుంటుందా, మారురూపమే ఇవ్వాలా అన్నది రాయకపోతే, ఉన్న పేరుకే 'లేదు' అన్న జవాబు రావచ్చు.

ఇదంతా నగరాల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీల గొడవ, సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్లకు దీనితో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ చూడండి, హైదరాబాద్‌లో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ, చేపలు ఎక్కువగా దొరకగల ప్రాంతాల సమాచారం తీరానికి పంపుతుంది. 2004 డిసెంబర్ సునామీ నెల్లూరు తీరాన్నీ తాకాక, 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే పెట్టారు. చేపల సమాచారం రోజూ వస్తుంది, కొన్ని రోజుల్లో తప్ప. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి రాదు. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడూ రాదు. అంటే ఆ ఖాళీకి 'ఈ రోజు చేపలు లేవు' అన్న అర్థం ఒక్కటే కాదు, 'ఈ రోజు వెళ్లొద్దు' అన్న అర్థమూ ఉంది. రేపు ఏదో మత్స్యకార సహకార సంఘం కోసం ఒక ఏజెంట్ తెల్లవారుజామునే ఇలాంటి సమాచారమిచ్చే సైట్లు చూసి, ఫోన్లలో తెలుగులో వినిపిస్తుంది. అలాంటివి రావడానికి ఎంతో కాలం పట్టదు. ఒకరోజు తెల్లవారుజామున డొమైన్ సర్వర్ పలకలేదనుకోండి. టూల్ ఖాళీ జాబితా ఇచ్చింది. ఏజెంట్ 'ఈ రోజు హెచ్చరికలేమీ లేవు' అని మంచి తెలుగులో చదివింది. పడవ దింపే మనిషి దాన్ని నమ్మక ఏం చేస్తాడు?

నెల్లూరు, కావలి, గూడూరు కాలేజీల్లో ఇంజినీరింగ్ చదువుతూ, ఉద్యోగాల్లో ఉంటూ ఇలాంటి టూళ్లు రాస్తున్న యువతీయువకులకు ఒక విన్నపం. మీ టూల్‌ను విడుదల చేసే ముందు ఇంటర్నెట్ కనెక్షన్ తీసేసి ఒకసారి నడపండి. అప్పుడు కూడా అది ఖాళీ జాబితానే ఇస్తే, ఆ రోజుకు విడుదల ఆపి, ముందు ఆ ఒక్క జవాబును సరిచేయండి.